మలుపు పైన మేము

తమ్ముణ్ణి కొండెక్కించాలన్న ఆలోచన నర్సుది. ఆ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే తర్వాత తర్వాత అక్క అదంతా తన నెత్తినే వేసుకుంది.

"ఇల్లు కదిలితే చాలే వాడికి. అమ్మ పోయినప్పట్నుంచీ ఆ కిటికీకి అతుక్కుపోయి కూర్చుంటున్నాడు. కాస్త గాలి తగిలితే వాడే నోరు విప్పుతాడు," అంది నర్సు.

అక్క సరేనంది. అనక ఏం చేస్తుంది? తల్లి పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని "వాణ్ణి మళ్ళీ దూరం చెయ్యకే" అని మాట తీసుకుంది. తమ్ముడేమో ఎక్కడో దూరాన ఒక లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం చూసుకుంటున్నాడట. ఆ కబురు కూడా బయటివాళ్ళ నోటే తెలిసింది ఆమెకి. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచమంత గదిలో ఎదురుబొదురుగా కూర్చుని తింటూ, తమ్ముడు వెళ్ళిపోతాడన్న సంగతి పక్కింటావిడ చెబితే తెలుసుకోవడం ఎంత కష్టంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అక్క ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎర్ర పెన్ను పట్టుకుని ఇతరుల తప్పులు వెతకడమే పని. నర్సుతో స్నేహం కూడా ఒక తప్పు దగ్గరే మొదలైంది. ఆసుపత్రి వాళ్ళ కరపత్రం ఒకటి అచ్చుకి వచ్చింది. అందులో "రోగిని వెంటనే పడుకోబెట్టండి" అని ఉండాల్సిన చోట ఎవరో ఒక దీర్ఘం తగిలించి "పాడుకోబెట్టండి" అని కొట్టారు. అక్క పట్టుకుంది. కరపత్రం తెచ్చిన నర్సు ప్రెస్సు గుమ్మంలోనే పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ రోజు నుంచి అక్కని "అచ్చుతప్పు" అనే పిలుస్తుంది. నర్సు మొగుడు బస్సు డ్రైవరు. ఆయన అక్కని వదిన అనీ, తమ్ముణ్ణి బామ్మర్ది అనీ పిలుస్తాడు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపులతో కలుపుకున్నదే.

ఇక తమ్ముడి తప్పు గురించి చెప్పాలి. తమ్ముడికి మేము, మనం తేడా తెలీదు.

చిన్నప్పుడు తల్లికి పెద్ద జబ్బు చేస్తే, పసివాణ్ణి చూసుకోలేక పిన్ని దగ్గరికి పంపేశారు. పిన్ని మొగుడిది వేరే భాష. ఆ వీధిది వేరే భాష. ఆ భాషలో ఎదుటివాణ్ణి కలుపుకున్నా, వదిలేసినా ఒకటే మాటట. వాడు తిరిగొచ్చేసరికి బడికెళ్ళే వయసొచ్చేసింది. గుమ్మంలో సంచీ భుజాన వేసుకుని నిలబడి, ఆయాసపడుతూ అడిగిన మొదటి మాట "అక్కా, మేము లోపలికి వెళ్దామా?" అక్క అప్పటికే తప్పులంటే ఒంటికాలి మీద లేచేది. "మేము కాదు, మనం. మేము అంటే నువ్వు నన్ను బయట వదిలేసినట్టు," అంది. వాడు కాసేపు ఆలోచించి, "మరి నన్నే కదా బయట వదిలేసింది," అన్నాడు. అమ్మ లోపల్నుంచి విని ఏడ్చింది.

అప్పట్నుంచి అక్క దిద్దుతూనే ఉంది, వాడు తప్పుతూనే ఉన్నాడు. గడ్డం వచ్చింది, లిఫ్టులు బాగుచేసే పని వచ్చింది, ఆ ఒక్క తేడా మాత్రం రాలేదు. కావాలనే రానివ్వలేదని నర్సు అనుమానం.

కొండ మొదట్లో కారు ఆపి నలుగురూ దిగేసరికి ఎండ అప్పుడే తేటగా కాస్తోంది. దారి ఒకే మనిషి పట్టేంత సన్నం. కొండ మరీ నిట్టనిలువుగా ఉండడంతో దాన్ని అటూ ఇటూ మడతలు పెట్టి తీసుకెళ్ళారు. కొంచెం కుడికి ఎక్కడం, మలుపు తిరగడం, కొంచెం ఎడమకి ఎక్కడం. పై మడతలో నడిచేవాళ్ళ మాటలు కింద మడతలో నడిచేవాళ్ళకి నెత్తిమీదే వినిపిస్తాయి, మనుషులు మాత్రం పొదల చాటున కనబడరు.

"రోజంతా లిఫ్టులు నడిపించేవాడివి, ఇక్కడొకటి పెట్టించకూడదట్రా బామ్మర్దీ," అన్నాడు డ్రైవరు, మొదటి మలుపుకే చెమటలు తుడుచుకుంటూ.

"పెట్టిస్తాను బావా. తాళ్ళు నువ్వు లాగాలి," అన్నాడు తమ్ముడు.

తల్లి పోయాక వాడు జోకు వెయ్యడం అదే మొదలు. నర్సు అక్క వైపు చూసి కన్ను గీటింది.

డ్రైవరుకి ఒక అలవాటు ఉంది. ఘాటు రోడ్డు మీద బతికినవాడు కదా, మలుపు దగ్గర హారన్ కొట్టందే బండి తిప్పడు. ఇక్కడ బండి లేదు గనక నోటితోనే "పాం పాం" అనేవాడు. వెనకున్నవాళ్ళు తిరిగి "పాం" అనాలి. అంటే అందరూ ఉన్నట్టు లెక్క. నర్సు సిగ్గుపడి చచ్చింది గానీ తమ్ముడు మాత్రం హుషారుగా అందుకున్నాడు.

నాలుగైదు మలుపులు అలా సాగాక, డ్రైవరు ఇంకా మలుపు చేరకముందే పైనుంచి "పాం పాం" అని వినిపించింది.

"అబ్బో, ముందర ఎవరో ఉన్నారే," అన్నాడు డ్రైవరు సంబరంగా. "మా డిపో వాడేమో." తిరిగి గట్టిగా పాం అన్నాడు. పైన ఎవరో నవ్వారు. ఇద్దరో ముగ్గురో ఉన్నట్టుంది. నవ్వు ఆగాక ఒక గొంతు, ఆడో మగో తెలియని గొంతు, మెల్లిగా అంది.

"మేము ఇక్కడ కూర్చుందామా?"

తమ్ముడు ఠక్కున ఆగాడు. "విన్నావా అక్కా? అచ్చం నాలాగే."

"పిన్నీ వాళ్ళ ఊరివాళ్ళయ్యుంటారు," అంది అక్క. అన్నదే గానీ ఆమెకి ఎందుకో నచ్చలేదు. కాసేపటి క్రితమే, కింద మలుపు దగ్గర రాయి మీద చతికిలబడుతూ ఆ మాటే అన్నాడు తమ్ముడు. సరిగ్గా అదే మాట.

డ్రైవరు ముందు నడిచాడు. మలుపు తిరుగుతూనే "థూ థూ" అంటూ మొహం తుడుచుకున్నాడు. దారికి అడ్డంగా, ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి, సాలెగూడు. మొహం ఎత్తున అల్లి ఉంది. తడిచుక్కలు కూడా రాలకుండా అంతా నిండుగా ఉంది, డ్రైవరు మొహం పెట్టిన చోట తప్ప.

అక్క చూపు అక్కడే ఆగిపోయింది. ప్రూఫు చదివేటప్పుడు ఎంత వేగంగా పోతున్నా తప్పు దగ్గర చూపు ఎలా ఆగుతుందో అలా ఆగింది. దారి ఒకటే. ముందు మనుషులు వెళ్ళి ఉంటే ఆ గూడు ఉండకూడదు. నర్సు చెవిలో ఆ మాటే వేసింది.

"కొండన్నాక మాట తిరిగి వినిపిస్తుందే. నువ్వు ప్రతిదానికీ ఎర్ర గీత గీయకు," అంది నర్సు. కానీ తర్వాత మలుపులో నర్సు నీళ్ళసీసా నోట్లో పెట్టుకుని నీళ్ళు మింగుతుండగా, పైనుంచి ఆమె గొంతే "ఎర్ర గీత గీయకు, గీయకు" అంది, పాఠం వల్లెవేస్తున్నట్టు. నర్సు సీసా దించింది. ఆ తర్వాత ఆమె పెద్దగా మాట్లాడలేదు.

మాట్లాడింది తమ్ముడే. పట్టలేకపోయారు వాణ్ణి. "మేము వస్తున్నాం" అని అరిచేవాడు. పైనుంచి "మేము వస్తున్నాం" అనేవాళ్ళు. "మేము తిందామా" అంటే "తిందామా" అనేవాళ్ళు. ఒక్కొక్కసారి వీడు అడక్కముందే "మేము ఆడుకుందామా" అనేవాళ్ళు, వీడు చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. నెలల తరబడి మూగనోము పట్టినవాడు అలా నవ్వుతుంటే ఏ అక్కకి మాత్రం వద్దనాలనిపిస్తుంది? ఒళ్ళు జలదరిస్తున్నా ఆమె ఊరుకుంది. నవ్వనీ అనుకుంది.

"కనీసం ఇక్కడైనా నన్ను ఎవరూ దిద్దట్లేదక్కా," అన్నాడు వాడు వెనక్కి తిరిగి. వేళాకోళంగానే అన్నాడు. ఆమెకి మాత్రం చురుక్కుమంది.

"నేనూ దిద్దనులే ఇవాళ. కొంచెం మెల్లిగా నడువు, మనం కలిసి వెళ్దాం."

"మేము ముందు వెళ్తాం, నువ్వు నెమ్మదిగా రా," అని వాడు రెండేసి అడుగులు వేసుకుంటూ మలుపు తిరిగిపోయాడు. మేము అంటే ఎవరెవరురా అని అడుగుదామనుకుంది. అప్పటికే కనబడలేదు.

మంచు దిగింది. పైనుంచి కిందికి, ఒక్కో మడతా కప్పుకుంటూ వచ్చింది. అప్పటిదాకా కాళ్ళకింద కనిపించిన ఊరు, నది, బొమ్మల్లాంటి కార్లు, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. డ్రైవరు పాం అనడం మానేశాడు. ఎవరూ మానెయ్యమనలేదు. ముగ్గురూ ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ ఎక్కారు.

పైన కాస్త చదునుగా ఉంది. చుట్టూ ఇనప కమ్మీల కంచె, రెండు సిమెంటు బల్లలు. మంచు లేకపోతే అక్కణ్ణుంచి సగం లోకం కనిపిస్తుందట. తమ్ముడు లేడు.

"ఒరే బామ్మర్దీ," అని డ్రైవరు పిలిచాడు. ఒకసారి మామూలుగా, రెండోసారి మామూలుగా ఉండని గొంతుతో. నర్సు బల్లల వెనక చూసింది. చూడ్డానికి అక్కడ ఇంకేమీ లేదు. కంచెకి అవతల మాత్రం పాత దారి ఒకటుంది, కొండచరియ విరిగిపడ్డాక మూసేశారు. నాలుగడుగులు కనబడుతుంది, ఆ తర్వాత మంచు. ఆ మంచు వెనక దారి ఉందో లేదో దేవుడికే తెలియాలి.

అటువైపు నుంచి మాటలు వినబడుతున్నాయి. మలుపు అంత దూరం కూడా కాదు, పక్క గదిలోంచి వినబడినట్టున్నాయి. చాలా గొంతులు. అందరూ నెమ్మదిగా, ఇష్టంగా, ఇంట్లోవాళ్ళు కబుర్లు చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నారు. మధ్యలో తమ్ముడి నవ్వు.

అక్క కంచె పట్టుకుంది. ఇనుము మంచుగడ్డలా ఉంది. వాడు బెదరకూడదని మామూలుగా పిలిచింది. "తమ్ముడూ, చాల్లే ఆట. మనం ఇంటికి వెళ్దాం రా."

మాటలు ఆగాయి.

"నువ్వెళ్ళక్కా," అన్నాడు తమ్ముడు మంచులోంచి. కోపం లేదు, బాధ లేదు. "మేము ఇక్కడుంటాం."

ఎన్నేళ్ళ అలవాటో, ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. మేము కాదు, అనబోయింది. అనలేకపోయింది. ఆ మాట సరిగ్గానే ఉంది. నువ్వు వెళ్ళు, నువ్వు లేని మేము ఇక్కడ ఉంటాం. పుట్టి బుద్ధెరిగాక వాడు మొదటిసారి ఆ మాటని వాడాల్సిన చోట వాడాడు. దిద్దడానికి ఆమెకి ఏమీ మిగల్లేదు.

అక్కడే ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్లాడికి ముందు మంచినీళ్ళివ్వకుండా వ్యాకరణం చెప్పినందుకు, ఆ తర్వాత ప్రతి ముద్దకీ ప్రతి మాటకీ అడ్డం పడినందుకు, అమ్మకిచ్చిన మాటకి, అన్నిటికీ కలిపి ఏడిచింది. వాడి మేములో తను ఎప్పుడూ ఉంది. అది ఆమెకి తెలుసు, తెలిసి కూడా దిద్దింది. నర్సు భుజం పట్టుకోబోతే విడిపించుకుని, కంచె మీదికి వంగి, పెద్దగా, వాడి భాషలో పిలిచింది.

"మేము ఇంటికి వెళ్దాం రా, నాన్నా. నువ్వూ నేనూ. మేము వెళ్దాం."

తర్వాత గులకరాళ్ళు జారిన చప్పుడైంది. మంచులోంచి తమ్ముడు వచ్చాడు. కమ్మీల కిందనుంచి దూరి, చొక్కా దులుపుకుని, జుట్టంతా తడిసి, నవ్వుతూ నిలబడ్డాడు.

"మనం, అక్కా," అన్నాడు. "మనం వెళ్దాం అనాలి."

నర్సు నవ్వేసింది, డ్రైవరు "అమ్మయ్య" అని బల్లమీద కూలబడ్డాడు. అక్క ఏడుపూ నవ్వూ కలిసిపోయి వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత వాడి మణికట్టు పట్టుకుంది, ఇక వదల్లేదు. తెచ్చుకున్న బ్రెడ్డు, గుడ్లు ఎవరూ విప్పలేదు. వెంటనే దిగడం మొదలుపెట్టారు.

ముందు డ్రైవరు, వెనక నర్సు, ఆ వెనక అక్కా తమ్ముడూ. దారి ఇద్దరికి పట్టదు గనక ఆమె ముందు నడుస్తూ చెయ్యి వెనక్కి పెట్టి వాణ్ణి పట్టుకుంది. రెండు మలుపులు బాగానే దిగారు. మూడో మలుపు దగ్గర, పై మడతలోంచి, నెత్తిమీదే వినబడింది.

"అక్కా."

ఆమె ఆగింది.

"అక్కా, మేము ఇంటికి వెళ్దామా?"

ఆయాసం, ఆ ఆయాసం మధ్యలో చిన్న తడబాటు, చివర్న దీర్ఘం తీసే తీరు. సంచీ బరువుతో గుమ్మంలో నిలబడినవాడి గొంతు. ఆమె చెవులు తప్పు పట్టే చెవులు గానీ పొరబడే చెవులు కావు.

ఆమె తన చేతిలో ఉన్న చేతిని చూసుకుంది. వెచ్చగానే ఉంది. బొటనవేలి మీద కరెంటు షాకు కొట్టిన పాత మచ్చ ఉంది. తలెత్తి మొహం చూసింది. తమ్ముడి మొహమే. ఓపిగ్గా నవ్వుతోంది.

"వినకక్కా," అన్నాడు. "పొద్దుట్నించీ అంతే కదా అవి. మనం దిగుదాం పద."

నిజమే కదా. పొద్దుట్నించీ అంతే. నర్సు గొంతు పలికినవి, హారన్ పలికినవి, వీడి గొంతు పలకలేవా? వీడి తప్పు కింద మలుపులోనే నేర్చుకున్నాయి కదా. అలా తనకి తనే చెప్పుకుంది. చెప్పుకున్నదాంట్లో తప్పేమీ దొరకలేదు. పైనున్నవాడు మళ్ళీ పిలిచాడు. ఈసారి గొంతులో భయం ఉంది. కింద మలుపులోంచి నర్సు, "రండే, ఈ మంచుకి చీకటి పడేలా ఉంది," అంది.

చేతిలో చెయ్యి ఉంది. ఆమె దిగింది.

ప్రతి మలుపులోనూ ఆ పిలుపు వినబడింది. ప్రతి మలుపుకీ కాస్త దూరమైంది. నర్సుకీ డ్రైవరుకీ వినబడిందో లేదో వాళ్ళు చెప్పలేదు, ఆమె అడగలేదు. డ్రైవరు కారు స్టార్ట్ చేసి, ఎన్నడూ లేనిది, హారన్ కొట్టకుండా రోడ్డెక్కాడు. నర్సు వెనక సీట్లోంచి చెయ్యి చాపి తమ్ముడి నాడి పట్టుకుని చూసింది. బాగానే కొట్టుకుంటోంది అంది.

ఇప్పుడు అంతా సుఖంగానే ఉంది. తమ్ముడు ఆ దూరం ఉద్యోగం ఊసెత్తలేదు. పొద్దున్నే పనికి వెళ్తాడు, వేళకి ఇంటికొస్తాడు, కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాడు. అక్కతో కబుర్లు చెబుతాడు, గిన్నెలు కడిగిపెడతాడు. కొండ గాలి ఎంత మేలు చేసిందో చూశావా అంటుంది నర్సు. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నావంటారు చుట్టాలు. ఆమె తల ఊపుతుంది.

రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆమె ఏదో ఒక మాట పడేస్తుంది. ముందు మామూలుగా అడిగేది, ఆదివారం ఎక్కడికెళ్దాం అనో, గదికి ఏ రంగు వేయిద్దాం అనో. వాడు ఎప్పుడూ సరిగ్గానే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు తనే తప్పు మాట్లాడుతోంది. ప్రెస్సులో వింటే ముక్కున వేలేసుకుంటారు గానీ, ఇంట్లో ఆమె రోజూ అదే తప్పు మాట్లాడుతుంది.

"తమ్ముడూ, రేపు మేము బజారుకి వెళ్దామా?"

అని వాడి నోటివైపే చూస్తూ కూర్చుంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడు తప్పితే చాలు, ఎర్ర పెన్ను విరిచి పారేస్తుంది.

వాడు ముద్ద మింగి, నీళ్ళు తాగి, నవ్వుతాడు.

"మనం, అక్కా," అంటాడు. ప్రతిసారీ దిద్దుతాడు, ఎంతో ఓపిగ్గా, ఒక్క రోజు కూడా విసుక్కోకుండా.